స్లాబు వేసే ముందు రోజు సాయంత్రం: కట్టడం పనిలో నాయకత్వం ఎక్కడుంటుంది

కొన్నేళ్ల క్రితం గుంటూరులో గోరంట్ల వైపు నేను ఇంజినీరుగా చూస్తున్న ఒక అపార్టుమెంటులో, రెండో స్లాబు వేసిన మూడో రోజు పొద్దున ప్లంబింగ్ మేస్త్రీ వచ్చి, బాత్‌రూముల నుంచి డక్టులోకి (పైపులు దిగే ఖాళీలోకి) పోవలసిన నాలుగంగుళాల పైపుకు బీములో స్లీవు, అంటే పైపు దూరడానికి కాంక్రీటు పోయకముందే ఉంచే గొట్టం, పెట్టలేదని చెప్పాడు. వెళ్లి చూస్తే నిజమే. సెంట్రింగ్ (కాంక్రీటును మోసే పలకలు, ఊతాలు) మట్టం ఎక్కడా తప్పలేదు. ఇనుము డ్రాయింగులో ఉన్నట్టే కట్టారు. కాంక్రీటు బాగా పడింది. బలం పరీక్షకని ఆ రోజు పోసిన కాంక్రీటు క్యూబులు 28 రోజుల తరవాత పరీక్షలో నెగ్గాయి కూడా. ఎవరి పని వారు సరిగ్గా చేసిన స్లాబు అది. అయినా తొమ్మిదంగుళాల బీముకు అవతలికి పైపు పోయే దారి లేకుండా పోయింది. కోర్ కటింగ్ మిషన్ తెప్పిస్తే అరగంటలో రంధ్రం పడుతుందని కొందరన్నారు. స్ట్రక్చరల్ డిజైనర్‌కు ఫోన్ చేస్తే ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. ఆ చోటు కాలమ్‌కు రెండడుగుల దూరంలో ఉంది. బీమును అడ్డంగా తెంచబోయే కోత బలం ఎక్కువగా ఉండేది కాలమ్ దగ్గరే కాబట్టి, అక్కడ కమ్మీల చుట్టూ కట్టిన రింగులు తెగితే ఆ బలాన్ని తట్టుకునే ఆధారం పోతుంది. చివరికి పైపును బీము కిందినుంచి తిప్పి, కింది ఫ్లాటు బాత్‌రూములో ఫాల్స్ సీలింగు దించవలసి వచ్చింది. ఆ ఫ్లాటు కొనుక్కున్నవారి దగ్గరికి నేనే వెళ్లి జరిగింది చెప్పాను.

తప్పెవరిదని ఆరా తీస్తే ప్రతివారి దగ్గరా సబబైన జవాబే ఉంది. ప్లంబింగ్ ముఠా ఆ వారం కానూరులో మరో పనిమీద ఉంది. స్లాబు తేదీ రెండు రోజులు ముందుకు జరిగిన సంగతి వారికెవరూ చెప్పలేదు. స్లీవు పెట్టడం తమ పని కాదని ఇనుము కట్టే రాడ్ బెండర్ అన్నాడు, ఆ మాటా నిజమే. స్లీవు గుర్తు డ్రాయింగులో ఉంది, కానీ అది ప్లంబింగ్ డ్రాయింగు. ఇనుము కట్టేవారి చేతిలో ఉన్నది స్ట్రక్చరల్ డ్రాయింగు. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచి చూడవలసిన మనిషిని నేను. చూడలేదు.

నిర్మాణ రంగంలో నాయకత్వం అనగానే ధైర్యం, దూరదృష్టి, చొరవ వంటి గుణాలు ఏకరువు పెట్టడం అలవాటయింది. ఆ గుణాలు ఉంటే మంచిదే. అయితే ఇరవై ఏళ్లుగా సైట్ల మీద తిరుగుతున్న నాకు అర్థమైనంతవరకు, పెద్ద నష్టాల్లో చాలా భాగం ఒక ముఠా పని ముగిసి మరో ముఠా పని మొదలయ్యే సందులో పుడుతున్నాయి. ఆ సందు ఎవరి బాధ్యతో ముందే తేల్చడం, అక్కడ నిలబడి ‘ఆపండి’ అనే హక్కు ఎవరిదో అందరికీ తెలిసేలా చెప్పడం, ఆ మాట అన్నవారికి తరవాత అండగా ఉండడం సైటు నాయకుడి పనిలో ప్రధాన భాగం. బృంద సమన్వయమని పుస్తకాల్లో రాసేది సైటు మీద ఈ రూపంలోనే కనిపిస్తుంది.

సందుకు కూలి ఎవరిస్తారు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఒక మోస్తరు అపార్టుమెంటు కట్టేటప్పుడు సెంట్రింగ్ వారు, రాడ్ బెండర్లు, కాంక్రీటు ముఠా, తాపీ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, టైల్స్ వారు, వడ్రంగులు, పెయింటర్లు, లిఫ్టు కంపెనీవారు అందరూ అదే మెట్ల మీద ఎక్కి దిగుతూ ఉంటారు. వీరిలో ఎక్కువమందితో ఒప్పందం పని లెక్కన ఉంటుంది. సెంట్రింగ్‌కు చదరపు అడుగుకు ఇంత, ఇనుముకు టన్నుకు ఇంత, కరెంటు పనికి పాయింటుకు ఇంత అని మాట్లాడుకుంటారు. చేసినంతకు కూలి అనే ఈ పద్ధతిలో న్యాయం ఉంది. కానీ పక్క ముఠా కోసం ఆగడానికి, వారితో కూర్చుని మాట్లాడుకోవడానికి, తన పని కాసేపు నిలిపి ఎదుటివారికి దారి ఇవ్వడానికి ఆ లెక్కల్లో ఎక్కడా డబ్బు లేదు.

స్లాబులో కరెంటు పైపులు పరవడాన్నే తీసుకుందాం. ఎలక్ట్రీషియన్ కింది కమ్మీలు కట్టిన తరవాత, పై కమ్మీలు కట్టకముందు రావాలి. ఆ వ్యవధి ఒక్కోసారి ఒక పూటకు మించదు. రాడ్ బెండర్లది టన్ను లెక్క కాబట్టి వారు ఆగరు. ఎలక్ట్రీషియన్‌ది పాయింటు లెక్క కాబట్టి, ఎప్పుడు పిలుస్తారా అని ఊరికే కూర్చుంటే అతనికి ఆ రోజు కూలి పోతుంది; అందువల్ల అతను రాడు. ఇద్దరి కారణాలూ న్యాయమైనవే. తీరా అతను వచ్చేసరికి కమ్మీల జాలీ మొత్తం కట్టి ఉంటుంది. పైపును కమ్మీల మీదుగా వంకరగా లాగుతారు, దాని మీద కాంక్రీటు మందం తగ్గుతుంది, కొన్ని నెలలకు ఆ పైపు దారి వెంబడే సన్నని పగులు తేలుతుంది. ఇంటివారు పెయింటరును తిడతారు.

ఇక్కడ ఎవరినీ మందలించి ప్రయోజనం లేదు. ఆ పూటకు ఎలక్ట్రీషియన్‌కు రోజుకూలి కట్టివ్వాలి. రాడ్ బెండర్ ముఠా ఆగిన గంటలకూ ఎంతో కొంత లెక్క కట్టాలి. అంచనాలో దీనికి పద్దు ఎక్కడుందని బిల్డర్లు అడుగుతారు; అడగడం సహజం కూడా. మా బీము కింద పైపు తిప్పి సీలింగు దించడానికయిన ఖర్చు ముందు, ప్లంబర్‌ను ఒక పూట సైటులో ఉంచడానికయ్యే కూలి ఏపాటిది! సందులో జరిగే పనికి డబ్బు కేటాయించకుండా సమన్వయం గురించి ఎన్ని మీటింగులు పెట్టినా, మీటింగు అయ్యాక ఎవరి లెక్క వారు చూసుకుంటారు.

స్లాబు రోజు

ఈ సందులన్నీ కొన్ని గంటల వ్యవధిలో ఒకేచోట కలిసేది స్లాబు రోజున. సిమెంటుకు నీళ్లు తగిలిన క్షణం నుంచి కాలం లెక్క మొదలవుతుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు బిగుసుకోవడం మొదలుపెట్టడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలని, పూర్తిగా బిగుసుకోవడానికి 600 నిమిషాలు మించకూడదని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తాయి. ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటులో వేసే రసాయనాల వల్ల ఇంకొంత వ్యవధి దొరుకుతుంది. అయినా ప్లాంటులో నింపిన రెండు గంటల్లోగా లారీని సైటులో ఖాళీ చేయాలన్నది రెడీమిక్స్‌కు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 పెట్టిన సాధారణ నియమం. ప్లాంటు నుంచి బయలుదేరిన లారీ విజయవాడలో కృష్ణ మీది వారధి మీదనో, బెంజ్ సర్కిల్ కూడలి దగ్గరనో అరగంట ఇరుక్కుంటే ఆ గడువులో నాలుగో వంతు రోడ్డు మీదే కరిగిపోయినట్టు. మే నెల విజయవాడ ఎండలో కాంక్రీటు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. వేడి వాతావరణంలో కాంక్రీటు పనికి ఐఎస్ 7861 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. వేసవిలో మేము తెల్లవారుజామున నాలుగింటికి లైట్లు కట్టుకుని స్లాబు మొదలుపెట్టేది ఇందుకే.

మధ్యలో పంపు పైపు మూసుకుపోయిందనుకుందాం. ఒక లారీ గేటు దగ్గర తిరుగుతూ ఉంటుంది, మరొకటి దారిలో ఉంటుంది, ఇంకొకటి ప్లాంటులో నింపుకుంటూ ఉంటుంది. అప్పటికే పరిచిన కాంక్రీటు బిగుసుకుపోతే, తరవాత పోసేది దానితో ఏకం కాదు. నడుమ అతుకు మిగిలిపోతుంది. కోల్డ్ జాయింటు అంటాం. వానాకాలంలో తడి మొదట కనిపించేది ఆ గీత దగ్గరే. ఆపక తప్పకపోతే ఎక్కడ ఆపాలన్నది ఆ గందరగోళంలో తేల్చే విషయం కాదు. కోత బలం తక్కువగా ఉండే చోట, అంటే దాదాపుగా స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) నడిమి మూడో వంతులో ఆపాలని ముందే డ్రాయింగు మీద గీసి, ఆ గీత సెంట్రింగ్ పలక మీద కూడా కనిపించేలా ఉంచాలి. పంపు ఆపరేటర్‌తో ఎవరు మాట్లాడాలి, ప్లాంటుకు ఫోన్ చేసి తరవాతి లారీని నింపవద్దని ఎవరు చెప్పాలి అన్నవి కూడా ముందే తేలి ఉండాలి. ముగ్గురు మూడు ఫోన్లు చేసిన రోజున ప్లాంటువారు ఎవరి మాటా వినరు.

మరో తగవు నీళ్లది. లారీలోంచి దిగుతున్న కాంక్రీటు గట్టిగా ఉందని, రెండు బకెట్లు పోస్తే సులువుగా పరుచుకుంటుందని కాంక్రీటు ముఠా అంటుంది. వారు చెప్పే కష్టం నిజమే. ఎండలో గట్టి కాంక్రీటును పారలతో లాగడం ఎంత కష్టమో లాగినవారికే తెలుస్తుంది. కానీ లెక్కకు మించి నీళ్లు పోస్తే బలం పడిపోతుంది. ఆ క్షణంలో లారీ పక్కన నిలబడ్డ జూనియర్ ఇంజినీరు కుర్రాడు ఒంటరిగా వద్దనలేడు. అందుకే నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ ఎంత కలపవచ్చో ప్లాంటువారితో ముందే రాయించుకుని, ఆ కాగితం అతని చేతిలో పెట్టి, ముఠా మేస్త్రీ ఎదుటే ‘ఈ విషయంలో ఈ అబ్బాయి చెప్పిందే ఆఖరు మాట’ అని పెద్ద ఇంజినీరు చెప్పి ఉండాలి.

ఇవన్నీ తేలవలసిన సమయం ముందు రోజు సాయంత్రం. ఆ వేళ ఇంజినీరు, సెంట్రింగ్ మేస్త్రీ, రాడ్ బెండర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కలిసి జాలీ మీద ఒక మూల నుంచి మరో మూలకు నడవాలి. స్లాబు కమ్మీలు పలకకు అంటకుండా కింద ఇరవై మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ఉన్నాయా, సెంట్రింగ్‌కు ఊతమిచ్చే జాకీలు నిటారుగా ఉన్నాయా, వాటి అడుగున పలక ఉందా మట్టి ఉందా, ఫ్యాన్ బాక్సులు కదలకుండా కట్టారా, స్లీవులు ఉన్నాయా, కరెంటు పోతే కాంక్రీటును కుదిపి సర్దడానికి పెట్రోలుతో నడిచే వైబ్రేటర్ ఒకటి పక్కన ఉందా అని చూడాలి. చూసినవారు సంతకం పెట్టాలి. కాగితం మీది సంతకం కన్నా ఆ నడకలోనే ఎక్కువ విలువ ఉందని నా నమ్మకం, ఎందుకంటే సంవత్సరంలో మిగతా రోజుల్లో ఒకరినొకరు తప్పించుకు తిరిగే ముఠాలు ఆ అరగంట పక్కపక్కన నడుస్తాయి. తన పైపు పోయే చోట రెండు రింగులు అటూ ఇటూ జరపగలరా అని ప్లంబర్ నేరుగా రాడ్ బెండర్‌నే అడుగుతాడు.

ఆపే అధికారం

కెనడాలో క్విబెక్ వంతెన 1907 ఆగస్టు 29 సాయంత్రం, ఇంకా కడుతుండగానే కూలిపోయింది. ఆ సమయంలో దాని మీద ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది కానవాకే గ్రామానికి చెందిన మోహాక్ తెగ ఉక్కు పనివారు. డిజైనులో బరువు లెక్క తక్కువ వేయడం అసలు లోపం. కానీ ఆ లోపం చెప్పాపెట్టకుండా ప్రాణాలు తీయలేదు. కింది ఉక్కు కమ్మీలు వంగుతున్నాయని సైటులో ఉన్న నార్మన్ మెక్‌లూర్ అనే యువ ఇంజినీరు గమనించాడు, కొలిచాడు, ఆ వంపు పెరుగుతోందని గుర్తించాడు. సలహాదారు ఇంజినీరు థియోడర్ కూపర్ న్యూయార్కులో ఉండేవాడు; అనారోగ్యం వల్ల సైటుకు వచ్చేవాడు కాదు. మెక్‌లూర్ అక్కడికే వెళ్లి చెప్పాడు. ఇక వంతెన మీద బరువు పెంచవద్దని కూపర్ టెలిగ్రాం ఇచ్చాడు, అయితే క్విబెక్‌కు కాకుండా, పెన్సిల్వేనియాలో ఉన్న ఉక్కు కంపెనీ కార్యాలయానికి ఇచ్చాడు. ఆ మాట వంతెన మీద ఉన్నవారికి చేరేలోపే వంతెన నదిలో ఉంది.

ప్రమాదాన్ని చూసిన మనిషి సైటు మీద ఉన్నాడు, ఆపే అధికారం ఉన్న మనిషి వేరే దేశంలో ఉన్నాడు, వారి మధ్య మాట ప్రయాణం చేయవలసి వచ్చింది. నూరేళ్లు దాటిపోయినా మన సైట్లలో ఈ ఏర్పాటు చాలాచోట్ల అలాగే ఉంది. సెల్‌ఫోన్ వచ్చిందని దూరం తగ్గిందనుకుంటాం. ఫోన్ ఎత్తినా, ‘సార్, జాకీలు కొంచెం కుంగుతున్నట్టున్నాయి’ అని ఒక కుర్రాడు భయం భయంగా అంటే, ‘లారీలు వచ్చేశాయి కదా, చూసుకుని కానివ్వు’ అనే జవాబు వస్తే ఆ దూరం అలాగే ఉన్నట్టు.

జూనియర్ ఇంజినీరుకు ఇరవై రెండేళ్లుంటాయి, మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. ఆ మేస్త్రీ చేతి కింద కనీసం పాతిక భవనాలు లేచి ఉంటాయి. ఆ కుర్రాడు పనివారందరి ముందు ‘ఇది తప్పు, విప్పేయ్’ అంటే మేస్త్రీ పరువు పోతుంది, ఆ పైన ఎంత సరైన మాట చెప్పినా చెవికెక్కదు. అదే కుర్రాడు పక్కకు పిలిచి, ‘మేస్త్రీ గారూ, ఈ కాలమ్ దగ్గర రింగులు దూరం దూరంగా పడ్డాయి, డ్రాయింగులో నాలుగంగుళాలే ఉంది, ఒకసారి చూద్దురుగాని రండి’ అంటే, పది నిమిషాల్లో మేస్త్రీయే తన మనుషులను కేకేసి విప్పిస్తాడు. తప్పును ఉపేక్షించమని నేను అనడం లేదు. తప్పు సరిదిద్దాలి, దిద్దించే హక్కు కుర్రాడికి ఉండాలి, ఆ హక్కును మర్యాదతో వాడడం అతనికి పెద్దవారు నేర్పాలి. ఇది ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పరు.

సెంట్రింగ్ విప్పే రోజు కూడా ఆపే అధికారానికి పరీక్షే. నాలుగున్నర మీటర్ల లోపు స్పాను ఉన్న స్లాబుకు ఊతాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన బీములకు 21 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. సెంట్రింగ్ సామాను అద్దె రోజు లెక్కన నడుస్తుంది, ఆ పలకలు పక్క సైటులో కావాలి. రోజూ ఎవరో ఒకరు వచ్చి, ‘ఇంకెన్నాళ్లు సార్’ అని అడుగుతారు. తేదీ స్తంభం మీద ఎర్ర పెయింటుతో రాసి ఉంటే ఆ ప్రశ్న ఆగుతుంది.

మన సైట్ల మీద శ్రీకాకుళం, విజయనగరం వారితోపాటు ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవారూ పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. తెలుగూ హిందీ రెండూ వచ్చిన ఒక్క మనిషి మీద సైటంతా ఆధారపడి ఉంటుంది. అతను సెలవు పెట్టిన రోజున స్లాబు వేయకపోవడం మేలు. ‘ఆపు’ అనే మాట, దానికి చేతితో చేసే సైగ మాత్రం అందరికీ అన్ని భాషల్లో మొదటి రోజే నేర్పాలి. అది వారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

తేదీ ఎవరు చెప్పాలి

పనులను గొలుసులా పేర్చి, ఏది ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో లెక్కకట్టే క్రిటికల్ పాత్ పద్ధతి అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల్లో 1957 ప్రాంతంలో పుట్టింది. నేడు అన్ని పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఏ పని ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని గీతలుగా చూపే బారు చార్టులు గోడకు వేలాడుతున్నాయి. వాటిలో ఉన్న లోటును 1990లలో నిర్మాణ నిర్వహణ పరిశోధకులు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ ఎత్తి చూపారు. ఈ వారం చేస్తామని రాసుకున్న పనుల్లో నిజంగా పూర్తవుతున్నవి ఎన్ని అని లెక్కిస్తే, వారు పరిశీలించిన ప్రాజెక్టుల్లో సగటు సగం కన్నా కాస్త ఎక్కువగా మాత్రమే తేలింది. కారణాలు వెతికితే చాలావరకు సామాను రాకపోవడం, ముందు పని పూర్తి కాకపోవడం, డ్రాయింగు అందకపోవడం వంటివే. అంటే మళ్లీ మన సందులే. వచ్చే వారం పనిని, దాన్ని చేతులతో చేయించే మేస్త్రీల నోటితోనే ఒప్పించాలని, కుదరకపోతే కుదరదనే హక్కు వారికి ఉండాలని వారు ప్రతిపాదించారు. మేస్త్రీ చేత ‘సరే సార్’ అనిపించుకోవడం సులువు. ‘కుదరదు సార్, ఇనుము గురువారం దాకా రాదు’ అని అతను భయం లేకుండా చెప్పగల వాతావరణం తేవడానికి చాలాకాలం పడుతుంది.

తేదీ పైనుంచి దిగివస్తే ఏమవుతుందో విజయవాడ వారికి తెలుసు. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకల్లా పూర్తి కావాలనుకున్న కనకదుర్గ ఫ్లైఓవర్ 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. ఒక పక్క ఇంద్రకీలాద్రి, మరో పక్క కృష్ణ, మధ్యలో హైదరాబాదు రోడ్డు రద్దీ, ఏటా దసరాకు తరలివచ్చే జనం. అంత ఇరుకులో అటువంటి కట్టడం లేవడమే గొప్ప సంగతి, దాన్ని కట్టిన వారి పట్ల నాకు గౌరవం ఉంది. పండుగను బట్టి ప్రకటించిన తేదీకీ, పని స్వభావాన్ని బట్టి వచ్చే తేదీకీ మధ్య ఎంత ఎడం ఉండగలదో అక్కడ కనిపించింది.

ప్రభుత్వ పనుల్లో సందులు శాఖల మధ్య ఉంటాయి. గుంటూరు శంకర్ విలాస్ దగ్గరి వంటి రైల్వే వంతెన కట్టాలంటే, పట్టాల మీది భాగానికి రైల్వే అనుమతి, రైళ్లు ఆపే బ్లాకు సమయం కావాలి. రెండు వైపులా కరెంటు స్తంభాలు విద్యుత్ సంస్థ తీయాలి. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు నగరపాలక సంస్థ మార్చాలి. స్థలం రెవెన్యూ వారు అప్పగించాలి. కాంట్రాక్టరు చేతిలో ఉన్నది వీటన్నిటి తరవాత మిగిలిన పని.

ఇంత చిక్కు ఉన్న చోట కూడా పని వేగంగా జరిగిన సందర్భం మన కళ్ల ముందే ఉంది. 2024 ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదటి రోజుల వానలకు బుడమేరు వాగు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం నీట మునిగాయి. ఆ గండ్లను సెప్టెంబరు 7కల్లా పూడ్చారు. జలవనరుల శాఖ ఇంజినీర్లు, రాళ్లు తోలే లారీల వారు, చివరి గండి దగ్గర ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపిన సైనిక ఇంజినీర్లు ఒకే గట్టు మీద పనిచేశారు. జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గట్టు మీదే మకాం వేశారు. నిర్ణయం తీసుకోగల మనిషి గండి పక్కనే ఉండడంతో, లారీలు పోవడానికి దారి కావాలన్నా, మరికొంత రాయి కావాలన్నా ఆ మాట కాగితం మీద ప్రయాణం చేయనక్కరలేకపోయింది. విపత్తు వేళ కుదిరిన ఆ దగ్గరితనం మామూలు రోజుల్లో శాఖల మధ్య ఎందుకు కుదరదని నేను చాలాసార్లు బాధపడ్డాను.

గోరంట్ల అపార్టుమెంటులో మూడో స్లాబు నెల తరవాత వేశాం. ముందు రోజు నాలుగింటికి ప్లంబింగ్ మేస్త్రీ తన కుర్రాడితో వచ్చాడు. ఆ పూట కూలి ముందే ఇచ్చాం. రెండు డ్రాయింగులూ జాలీ మీద పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా కవర్ బ్లాకులు పెట్టాం. రాడ్ బెండర్ మోకాళ్ల మీద కూర్చుని బీములో రెండు రింగులు జరిపి, పక్కన మరో రింగు అదనంగా కట్టాడు. కుర్రాడు స్లీవు దూర్చి రెండు కొసలకూ గోనెగుడ్డ కుక్కాడు. లైటు వేసే వేళకు సెంట్రింగ్ మేస్త్రీ బీము పక్క పలక మీద ఎర్ర పెయింటుతో ఒక గుండ్రం గీసి, లోపల ‘పైపు’ అని రాశాడు.